చివరి అంకెకు సాక్ష్యం

గాఢత లెక్కలో వచ్చిన విలువను సవరించి రాయడం అబద్ధమాడటమేనా? వచ్చింది ఒకటి, రాసింది మరొకటి కాబట్టి అలాగే అనిపిస్తుంది. కానీ సత్యానికి ముందు చూడాల్సింది కొలత ఎంతవరకు చెప్పగలదన్నదే.

యానాం దగ్గర గౌతమి పాయలో ఉప్పదనం రోజంతా ఒకేలా ఉండదు. పోటుకు సముద్రపు నీరు ఎగదన్నుతుంది, పాటుకు వెనక్కి తీస్తుంది. వరద రోజుల్లో ఎర్రనీరు ఆ ఉప్పును కిందికి నెట్టేస్తుంది. సీసాలోకి ఎక్కిన నీరు ఆ గంటకూ ఆ చోటుకూ మాత్రమే సాక్షి. ఆ ఉప్పదనాన్ని క్లోరైడుతో కొలవచ్చు. లీటరు సముద్రపు నీటిలో క్లోరైడు సుమారు 19 గ్రాములు. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 పెట్టిన హద్దు 250 మిల్లీగ్రాములు. వేరే నీటి వనరు లేనిచోట 1000 వరకు ఒప్పుకుంటుంది.

హద్దు దగ్గర తచ్చాడే నమూనా దగ్గరే లెక్క నిజాయితీ బయటపడుతుంది. 10.0 మి.లీ. నీటిలో పొటాషియం క్రోమేట్ చుక్కలు వేసి, బ్యూరెట్ నుంచి 0.0100 మోలార్ సిల్వర్ నైట్రేట్ వదిలితే, పసుపు ద్రవంలో ఇటుక ఎరుపు ఛాయ నిలిచేసరికి 7.05 మి.లీ. ఖర్చయిందనుకుంటే, క్లోరైడు గాఢత 0.00705 మోలార్. క్లోరైడు మోలార్ ద్రవ్యరాశి 35.45తో గుణిస్తే లీటరుకు 0.2499 గ్రాములు; మూడు సార్థక అంకెలకు 0.250, అంటే 250 మిల్లీగ్రాములు. మధ్యలోనే 0.00705ను 0.0071 చేస్తే 252 వచ్చి, అదే నీరు హద్దు దాటినట్టు తేలుతుంది. అందుకే దారిలో అంకెలన్నీ ఉంచుకుని చివర ఒక్కసారే సవరించాలి. సరిగ్గా 5 దగ్గర ఆగితే, అంకెల సవరణకు భారత ప్రమాణమైన ఐఎస్ 2 సరి అంకె వైపు వెళ్లమంటుంది: 2.35, 2.45 రెండూ 2.4 అవుతాయి. ప్రతిసారీ పైకే సవరిస్తే వందల లెక్కల మొత్తం పైకి ఒరిగిపోతుంది.

బ్యూరెట్ 0.05 మి.లీ. వరకే చెప్పగలిగితే ఫలితం దాదాపు 2 మిల్లీగ్రాములు అటూ ఇటూ ఊగుతుంది. 249.9225 అని రాయడం చూడనిదాన్ని చూశానని సాక్ష్యం చెప్పడం. 252 అని రాయడం చూసినదాన్ని పారేయడం. రెండూ అసత్యాలే; చివర చేసే సవరణ మాత్రం కాదు. న్యాయ దర్శనం తన పదహారు పదార్థాల్లో సంశయానికి మూడో స్థానం ఇచ్చింది, విచారణ మొదలయ్యేది దానితోనే కాబట్టి. ఇక్కడా అంతే: ఆ నీరు హద్దులో ఉందో లేదో ఈ ఒక్క కొలత తేల్చలేదు. అదే నమూనా 50.0 మి.లీ. తీసుకుంటే 35 మి.లీ. పైగా సిల్వర్ నైట్రేట్ ఖర్చవుతుంది. బ్యూరెట్ దోషం అప్పుడు ఫలితాన్ని అర మిల్లీగ్రాము కూడా కదపలేదు.