ఇల్లడ సొమ్ము

అమెరికాలో మన తెలుగువాళ్ళ శనివారం భోజనాల దగ్గర మాటలు ఒక వరసలో నడుస్తాయి. ముందు వీసాలు, తరవాత పిల్లల కాలేజీలు, ఆ పైన ఇళ్ళ ధరలు. పెరుగన్నం వేళకి టెక్నాలజీ వార్తలు వస్తాయి. వచ్చినవాళ్ళలో సగం మందికి అన్నం పెడుతున్నది ఆ వృత్తే కాబట్టి అందులో వింత లేదు. కొత్త గ్రాఫిక్స్ కార్డు ధర గురించి ప్రతివాళ్ళకీ ఒక అభిప్రాయం ఉంటుంది. మెమరీ ధర పెరిగిందంటే "అయ్యో, పోయిన నెలే కొనాల్సింది" అని నొచ్చుకుంటారు. ఫలానా ప్రాసెసరు మీద పెట్టిన డబ్బు దండగా కాదా అన్న దాని మీద అరగంట వాదించుకోగలం.

అదే బల్ల దగ్గర ఎవరైనా, ఫలానా కంపెనీ నుంచి కోట్లమంది వివరాలు దొంగల పాలయ్యాయట అని ఎత్తితే వాదన లేవదు. ఎవరో ఒకరు "మన దగ్గర దాచుకోవడానికి ఏముందండీ?" అంటారు. అందరూ నవ్వుతారు. పెరుగు గిన్నె ఇటు జరుగుతుంది.

దాచుకోవడానికి నిజంగా ఏమీ లేదా అన్న దాని మీద చాలామంది చాలా రాశారు. నా ప్రశ్న దానికి ముందుది. అసలు ఆ మాట అనే హక్కు మనకుందా?

ముందు మన స్పందనల సంగతి చూద్దాం. 2017 సెప్టెంబరు 7న ఈక్విఫాక్స్ అనే క్రెడిట్ బ్యూరో, తన దగ్గరున్న వివరాలు దొంగల చేతిలో పడ్డాయని ప్రకటించింది. పేర్లు, పుట్టిన తేదీలు, చిరునామాలు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు. లెక్కలు తేలేసరికి సుమారు 14 కోట్ల 70 లక్షల మంది. అమెరికాలో ఉన్న పెద్దవాళ్ళలో సగానికి పైమాటే. అదే ఏడు డిసెంబరులో ఆపిల్ కంపెనీ, బ్యాటరీ అరిగిపోయిన పాత ఐఫోన్లని తామే కొంత నెమ్మదిగా నడిచేట్టు చేశామని ఒప్పుకుంది. జనం మండిపడ్డారు. నెల తిరక్కుండానే కంపెనీ క్షమాపణ చెప్పి, 79 డాలర్లున్న బ్యాటరీ మార్పిడిని 29 డాలర్లకి తగ్గించింది. నేనెరిగినవాళ్ళలో రెండో వార్త విని దుకాణం దగ్గర వరసలో నిలబడినవాళ్ళు చాలామంది. మొదటి వార్త విని క్రెడిట్ ఫ్రీజ్ చేసుకున్నవాళ్ళని ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

దీన్ని బద్ధకం అని కొట్టిపారెయ్యడం సులువు. నాకు వేరే కారణం కనిపిస్తుంది. ఫోను వస్తువు. బరువుంటుంది, గీత పడితే కనిపిస్తుంది, నెమ్మదిస్తే వేలికి తెలుస్తుంది. వివరం అలా కాదు. దాన్ని ఎత్తుకుపోయినా మన దగ్గరున్నది మన దగ్గరే ఉంటుంది. దొంగ వచ్చి వెళ్ళినా పెట్టె ఖాళీ కాని దొంగతనం మనకి కొత్త. పోయిందన్న బాధ పుట్టాలంటే ముందు ఏదో తగ్గాలి కదా!

చిప్పుల వార్తలో కూడా మనం వస్తువునే చూస్తాం. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే రెండు లోపాలు బయటపడ్డాయి. సుమారు ఇరవై ఏళ్ళుగా తయారవుతున్న ప్రాసెసర్ల నిర్మాణంలోనే ఉన్న లోపాలవి. సంగతి సులువుగా చెప్పొచ్చు. వేగం కోసం ప్రాసెసరు, తరవాత ఏ పని వస్తుందో ఊహించి ముందే చేసి పెట్టుకుంటుంది. ఊహ తప్పితే ఆ పనిని చెరిపేస్తుంది. చుట్టాలు వస్తారేమోనని ముందుగానే ఎసరు పెట్టిన ఇల్లాలి లాంటిది. చుట్టాలు రాలేదు, గిన్నె దించి కడిగేసింది. కానీ పొయ్యి ఇంకా వెచ్చగా ఉంది. పక్కవాటావాళ్ళు వచ్చి పొయ్యి మీద చెయ్యి పెట్టి చూస్తే, ఈ ఇంట్లో ఏం వండబోయారో ఊహించగలరు. ప్రాసెసరులో ఆ పొయ్యి పేరు క్యాష్. చెరిపేసిన పని తాలూకు జాడ అందులో మిగులుతుంది. ఏ సమాచారం ఎంత వేగంగా అందుతోందో కొలిచి, అదే కంప్యూటరు మీద నడుస్తున్న ఇంకో ప్రోగ్రాము, తాను చూడకూడని సంగతులు రాబట్టగలదు.

ఆ వారం నాకు ఎదురైన ప్రతివాళ్ళూ అడిగినది ఒకటే: "ప్యాచ్ వేస్తే ఎంత స్లో అవుతుంది?" ప్రశ్నలో తప్పు లేదు, నేనూ అదే లెక్కలు వేశాను, క్లయింట్లు అందుకే జీతం ఇస్తారు. కానీ ఆ వార్తలో అసలు సంగతి వేగం కాదు. ఒకే యంత్రాన్ని పంచుకుంటున్న ఇరుగుపొరుగుల మధ్య గోడ మనం అనుకున్నంత దళసరి కాదన్నది అసలు సంగతి. నా జాడ పక్కవాడికి, వాడి జాడ నాకు తెలిసిపోయేంత దగ్గరగా కాపురం ఉంటున్నాం. ఇది చిప్పులకే పరిమితమైన సంగతి అయితే ఈ వ్యాసం రాయక్కర్లేకపోయేది.

2018 మార్చిలో కేంబ్రిడ్జ్ ఎనలిటికా గొడవ రేగింది. ఫేస్‌బుక్‌లో ఒక వ్యక్తిత్వ పరీక్ష యాప్‌ని సుమారు 2,70,000 మంది పెట్టుకున్నారు. దాని ద్వారా వివరాలు చేరినవాళ్ళు 8 కోట్ల 70 లక్షల మంది దాకా ఉండొచ్చని ఫేస్‌బుక్కే చెప్పింది. మిగతావాళ్ళంతా ఎవరు? పరీక్ష రాసినవాళ్ళ స్నేహితులు. 2023లో 23అండ్‌మీ అనే జన్యుపరీక్షల కంపెనీలో, వేరేచోట్ల దొరికిన పాస్‌వర్డులతో దొంగలు సుమారు 14,000 ఖాతాల్లోకి చొరబడ్డారు. బయటికి పోయినవి దాదాపు 69 లక్షల మంది వివరాలు. బంధువుల్ని వెతికిపెట్టే సదుపాయం ఆ ఖాతాలని వాళ్ళకి కలిపింది. వాళ్ళ ఖాతాల తాళాలు పగల్లేదు, చుట్టాల తాళం పగిలింది. ఆ కంపెనీ 2025 మార్చిలో దివాలా రక్షణ కోరినప్పుడు, వివరాలు చెరిపించుకోవడం మంచిదని క్యాలిఫోర్నియా అటార్నీ జనరల్ జనానికి గుర్తుచెయ్యాల్సి వచ్చింది.

ఈ అంకెలన్నీ ఒకటే చెబుతున్నాయి. "నాకు దాచుకోవడానికి ఏముంది" అన్న వాక్యంలో "నాకు" అన్న మాట తప్పు. నా ఫోనులో ఉన్న నంబర్లలో నాది ఒకటే. నా ఫోటోల్లో సగం ఇంకొకళ్ళ పిల్లలవి. నా ఒంట్లో ఉన్న జన్యువుల్లో సగం మా అన్నదమ్ములతో పంచుకున్నవి.

మా ఇంట్లో ఇది మాటల వరకే ఆగలేదు. కొన్నేళ్ళ కిందట కాలేజీలో చదివే మా అబ్బాయి, పండగ అమ్మకాల్లో చవగ్గా వచ్చాయని రెండు జన్యుపరీక్ష కిట్లు తెచ్చాడు. గొట్టంలో ఉమ్మి పోస్టులో పంపితే మన పూర్వీకులెవరో, మనకి ఏ జబ్బులు రావచ్చో చెబుతారట. మా ఆవిడ డబ్బా మీద రాసినదంతా చదివి, "ఇది మనిద్దరి సంగతే కాదు కదా, అడగాలి" అంది. "ఎవరిని?" అన్నాడు వాడు. "అందరినీ" అంది. అని, నిజంగానే ఫోను తీసుకుని కూర్చుంది.

చాలామంది నవ్వారు. ఒకాయన "నాకూ ఒకటి పంపించండమ్మా" అన్నాడు. ఒకావిడ మాత్రం నవ్వలేదు. వాళ్ళ శాఖలో తరానికి ఒకరికి వస్తున్న జబ్బు ఒకటుంది. ఆవిడ అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. "అడిగావు గనక చెబుతున్నానమ్మా, పిల్ల పెళ్ళి అయ్యేదాకా ఆగండి" అన్నారావిడ. ఆవిడ ఎవరి తరఫు చుట్టమో, ఆ జబ్బు ఏమిటో ఇక్కడ రాయడం లేదు. ఈ పేరా అచ్చుకి ఇచ్చే ముందు ఆవిడకి ఫోనులో చదివి వినిపించాను. రెండు వివరాలు తీసెయ్యమన్నారు. తీసేశాను.

మా అబ్బాయి ఊరుకోలేదు. "అలా దాచిపెట్టి పెళ్ళి చెయ్యడం తప్పు కదా నాన్నా? మనం ఆ తప్పుకి సాయం చేస్తున్నట్టు కాదా?" అన్నాడు. మంచి ప్రశ్న. గోప్యత గురించి మాట్లాడేవాళ్ళు తప్పించుకోకూడని ప్రశ్న. ఆ సంగతి పెళ్ళికొడుకు తరఫువాళ్ళకి తెలియాలనే నేనూ అనుకుంటాను. కానీ ఎవరు చెప్పాలి? ఆ పిల్ల చెప్పాలి, లేదా తల్లి చెప్పాలి. ఎదురుగా కూర్చుని, తగిన సమయం చూసుకుని, తమ మాటల్లో చెప్పాలి. చెప్పవలసిన బాధ్యత వాళ్ళది కాబట్టే చెప్పే హక్కూ వాళ్ళది. మూడోవాడు ముందే చెప్పేస్తే వాళ్ళకి నిజాయితీగా ఉండే అవకాశం కూడా మిగలదు. కిట్లు వెనక్కి ఇచ్చేశాం. ఆవిడ ఆ తరవాత చెప్పారో లేదో నేను అడగలేదు.

ఇంకో వైపూ ఉంది, దాన్ని మరుగుపరచడం న్యాయం కాదు. 1970, 80లలో క్యాలిఫోర్నియాని వణికించిన ఒక హంతకుణ్ణి 2018లో పట్టుకున్నది, అతని దూరపు బంధువులు ఒక వంశవృక్షాల సైటులో పెట్టుకున్న జన్యు వివరాల ఆధారంగానే. 2020లో అతను 13 హత్యలు ఒప్పుకున్నాడు. ఆ బాధితుల కుటుంబాల ముందు నిలబడి, బంధువుల అనుమతి గురించి ఉపన్యాసం ఇవ్వగలనా? ఇవ్వలేను. ఒకరి వివరం ఇంకొకరికి మేలు చెయ్యగలదు. అయితే నేరం, విచారణ, కోర్టు ఉన్నచోట తూచడానికి ఒక తక్కెడ ఉంటుంది. పండగ అమ్మకంలో కొన్న డబ్బాకి తక్కెడ ఉండదు.

"మన పల్లెటూళ్ళలో ఈ ప్రైవసీ ఎక్కడుందండీ? ఇదంతా తెల్లవాళ్ళ గోల" అనేవాళ్ళున్నారు. నిజమే, ఊళ్ళో అందరి సంగతీ అందరికీ తెలిసేది. అందులో ఆప్యాయత ఎంత ఉందో క్రూరత్వమూ అంతే ఉంది. అది ఎవరి మీద ఎక్కువ పడిందో ఆడపిల్లల్ని అడిగితే చెబుతారు. అయినా ఒక తేడా ఉంది. నా సంగతి తెలిసిన మనిషి సంగతి నాకూ తెలుసు. ఇప్పుడు నా గురించి తెలిసినవాడెవడో నాకు తెలియదు. ఊరు మరిచిపోయేది, సర్వరు మరిచిపోదు. 2017 ఆగస్టు 24న భారత సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. ఆ కేసు వేసిన పుట్టస్వామిగారు కర్ణాటక హైకోర్టులో పనిచేసి రిటైరైన జడ్జి. తెల్లవాళ్ళ గోల అనడానికి వీల్లేకుండా పోయింది.

గోప్యత అన్న మాటని మనం రహస్యం అన్న అర్థంలోనే వాడుతున్నాం. కానీ దాని సంస్కృత మూలమైన 'గుప్' ధాతువుకి కాపాడటం అన్న అర్థమూ ఉంది. గోప్త అంటే రక్షకుడు. అచ్చతెలుగులో 'ఇల్లడ' అని ఇంకో పాత మాటుంది. నమ్మి ఒకరి దగ్గర దాచి ఉంచమని ఇచ్చిన సొమ్ము. ఊరికి వెళ్తూ పక్కింట్లో పెట్టి వెళ్ళే నగల మూట లాంటిది. ఇల్లడ సొమ్ము నా ఇంట్లోనే ఉంటుంది, నా పెట్టెలోనే ఉంటుంది, తాళం నా మొలలోనే ఉంటుంది. అయినా నాది కాదు. "నాకు నగలంటే మోజు లేదు" అని దాన్ని వీధిలో పెట్టలేను. మన ఫోనుల్లో ఉన్నదాంట్లో చాలా భాగం ఈ లెక్కలోకే వస్తుంది.

చట్టం చూసుకుంటుందిలే అనుకోవడానికీ లేదు. 2018 నుంచి అమలవుతున్న యూరప్ జీడీపీఆర్ గాని, 2023లో భారత పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం గాని, మనిషి తన సొంత, ఇంటి అవసరాలకి వాడుకునే వివరాల జోలికి రావు. రాకపోవడమే మంచిది, వంటింట్లోకి ఇన్‌స్పెక్టరు రావాలని ఎవరూ కోరరు. అమెరికాలో 2008 నాటి జినా చట్టం, జన్యు వివరాలు చూసి ఆరోగ్య బీమాలో, ఉద్యోగంలో వివక్ష చూపకూడదంటుంది. జీవిత బీమాని మాత్రం వదిలేసింది. అంటే కంపెనీల దగ్గర కొంతవరకు చట్టం ఉంది, మన గడప లోపల మన మనసే ఉంది. ఇది నీతికి సంబంధించిన ప్రశ్న అని నేననడం అందుకే.

ఇలా ప్రతిదానికీ అడుగుతూ కూర్చుంటే బతకగలమా అంటారు. పూర్తిగా బతకలేం. నా వాట్సాప్‌లో ఉన్నవాళ్ళందరినీ నేనూ అడగలేదు. కానీ మెట్లున్నాయి. బావమరిది పాస్‌పోర్టు ఫోటో నలభైమంది ఉన్న కుటుంబం గ్రూపులో పెట్టకుండా ఏజెంటుకి విడిగా పంపొచ్చు. ఎవరి ఆపరేషన్ సంగతో ఆ మనిషి చెప్పేదాకా ఆగొచ్చు. కొత్త యాప్ ఫోనులో ఉన్న పేర్లన్నీ అడిగితే వద్దనొచ్చు. వీటికి పెద్ద చదువు అక్కర్లేదు.

కష్టమైనది ఒకటుంది. జన్యువుల సంగతిలో ఆ సొమ్ము మీద హక్కున్నవాళ్ళందరూ ఇంకా పుట్టలేదు. మా అబ్బాయికి పుట్టబోయే పిల్లల్ని మా ఆవిడ ఫోను చేసి అడగలేదు. మైనరు ఆస్తి చేతిలో ఉన్న పెద్దమనిషి, పిల్లవాడు ఎదిగి వచ్చేదాకా దాన్ని అమ్మకుండా కాపాడితే చాలంటారు. అదైనా మన చేతిలో ఉంది.