మార్చిన రివాల్వర్ పాతదేనా?

రివాల్వర్‌ను రిమ్‌ఫైర్ నుంచి సెంటర్‌ఫైర్‌కు మార్చడమంటే, అది ఏ తూటా కోసం పుట్టిందో ఆ తూటానే మార్చడం. రిమ్‌ఫైర్ తూటాలో నిప్పు పుట్టించే రసాయనం గుల్ల అడుగు అంచులో ఉంటుంది. హ్యామర్ దెబ్బకు ఆ అంచు నలిగి, రసాయనం రగిలి, లోపలి మందు అంటుకుంటుంది. నలగాలంటే అంచు పలుచగా ఉండాలి. పలుచని గుల్ల ఎక్కువ పీడనాన్ని తట్టుకోలేదు. అందుకే నేడు విస్తారంగా వాడుకలో ఉన్న రిమ్‌ఫైర్ తూటాలు .22 వంటి చిన్నవే. సెంటర్‌ఫైర్ తూటాకు అడుగున నడిమధ్యలో ప్రైమర్ విడిగా ఉంటుంది. గుల్ల దళసరిగా ఉండవచ్చు, పేలిన తరువాత కొత్త ప్రైమర్ అమర్చి మళ్లీ నింపుకోవచ్చు కూడా.

అమెరికాలో రూగర్ కంపెనీ 1953లో .22 రిమ్‌ఫైర్ తూటా కోసం సింగిల్-సిక్స్ అనే రివాల్వర్‌ను విడుదల చేసింది. 1984లో .32 హెచ్ అండ్ ఆర్ మాగ్నమ్ అనే సెంటర్‌ఫైర్ తూటా వచ్చింది. కోరిన విధంగా తుపాకులను మలిచే అక్కడి గన్‌స్మిత్‌ల చేతుల్లో ఈ సింగిల్-సిక్స్ చాలాసార్లు సెంటర్‌ఫైర్‌గా మారింది. గుండు వ్యాసం సుమారు 5.7 మిల్లీమీటర్ల నుంచి 7.9 మిల్లీమీటర్లకు పెరుగుతుంది కనుక పాత గొట్టం, పాత సిలిండర్ ఉన్నవి ఉన్నట్టుగా పనికిరావు. ఫైరింగ్ పిన్ అంచున కాక నడుమ తగలాలి. మిగిలేవి ఫ్రేమ్, పిడి, ట్రిగ్గర్, ఫ్రేమ్ మీద చెక్కిన సీరియల్ నంబరు. పని ముగిశాక యజమాని చేతికి వచ్చినది, అతడు ఇచ్చిన రివాల్వరేనా?

ఈ ప్రశ్నకు గ్రీకు రూపం చాలామందికి తెలిసిందే. థీసియస్ ఓడను ఏథెన్స్ ప్రజలు పుచ్చిన పలక తీసి కొత్త పలక వేస్తూ తరతరాలు కాపాడారని, అది అదే ఓడా కాదా అని తత్త్వవేత్తలు వాదించుకున్నారని ప్లూటార్క్ రాశాడు. 17వ శతాబ్దంలో థామస్ హాబ్స్ దానికి మరో చిక్కు జోడించాడు: తీసేసిన పలకలన్నిటినీ దాచి, అదే వరుసలో మళ్లీ ఓడ కడితే ఏది అసలుది? రివాల్వర్ విషయం ఇంకా కఠినమైనది. ఓడలో పలక స్థానంలోకి పలకే వచ్చింది, ఓడ చేసే పని మారలేదు. ఇక్కడ భాగాలతో పాటు వస్తువు స్వభావం కూడా మారుతుంది. పాత తూటా కొత్త సిలిండర్‌లో పనిచేయదు.

భారతీయ చింతనలో దీనికి రెండు బలమైన సమాధానాలున్నాయి. మొదటిది బౌద్ధులది. మిళిందపఞ్హ అనే గ్రంథంలో భిక్షువు నాగసేనుడు మిళింద రాజును రథం గురించి అడుగుతాడు. ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా? ఏదీ కాదు, వాటన్నిటి కుప్పా కాదు, వాటికి వెలుపల ఉన్నదీ కాదు. భాగాలను ఆధారం చేసుకుని వాడే వ్యవహార నామమే రథం. ఈ దృష్టిలో మార్చిన రివాల్వర్ పాతదా కొత్తదా అన్న ప్రశ్నకు వస్తువులో సమాధానం దొరకదు, ఎందుకంటే ‘అదే’ అనిపించుకోగల సారం దానిలో మొదటినుంచీ లేదు. వాదం పదునైనది. కానీ ఒక సంగతిని వదిలేస్తుంది. వ్యవహారం కోసమే పేరు పెట్టినా, ఒక వ్యవహారం కన్నా మరొకటి ఎక్కువ న్యాయంగా ఎందుకు ఉంటుందో చెప్పదు.

రెండవది న్యాయ వైశేషికులది. వారికి అవయవాలు వేరు, అవయవి వేరు. దారాల్లో సమవాయమనే విడదీయరాని సంబంధంతో ఉండే వస్త్రం దారాల మొత్తం కాదు, అదొక కొత్త ద్రవ్యం. ఆంధ్ర పండితుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో సమవాయానికి చెప్పిన జంటల్లో అవయవ అవయవులది ఒకటి. మొత్తమనేది నిజంగా ఉందనే వీరు మార్పు విషయంలో ఉదారంగా ఉంటారని ఎవరైనా ఊహిస్తారు. జరిగింది అందుకు విరుద్ధం. వస్త్రంలోంచి కొన్ని దారాలు తీసేస్తే పాత వస్త్రం నశించి, మిగిలిన దారాల్లో ఖండపటమనే కొత్త వస్త్రం పుడుతుందని వారి సిద్ధాంతం. అవయవి ఆ అవయవాల్లోనే ఉన్నది కనుక, వాటిలో ఏది తొలగినా అది నిలవడానికి వీలులేదు. చూసేవాడు ‘అదే వస్త్రం’ అంటే, ఆ మాటకు ఆధారం ఒకే జాతికి చెందడం, పోలిక ఉండడం. ఈ లెక్కన గన్‌స్మిత్ గొట్టం విప్పిన క్షణాన పాత రివాల్వర్ పోయింది, కొత్తది బిగించినప్పుడు మరొకటి పుట్టింది. శుభ్రం చేయడానికి సిలిండర్ తీసి పెట్టినా అంతే అనాలి. తర్కానికి ఈ నిక్కచ్చితనం అవసరమే కావచ్చు, కానీ మనుషులు దీనితో బతకలేరు.

తత్త్వవేత్త జాన్ లాక్ మధ్యేమార్గం చూపించాడు. యంత్రమంటే ఒక ప్రయోజనానికి తగినట్టు భాగాలు కూర్చిన నిర్మాణం. నిర్మాణం, ప్రయోజనం కొనసాగినంతకాలం యంత్రం కొనసాగుతుందని ఆయన మాటల నుంచి తేల్చవచ్చు. అయితే ప్రయోజనాన్ని ఎంత విశాలంగా చెప్పాలి? ‘గుండు విసరడం’ అంటే రివాల్వర్ మారలేదు. ‘.22 తూటాతో గురి అభ్యాసం చేయడం’ అంటే మారింది.

తత్త్వవేత్తలు తేల్చని చోట చట్టం తేల్చింది. అమెరికాలో 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం ప్రకారం ఫ్రేమే చట్టరీత్యా తుపాకి. గొట్టం, సిలిండర్ విడిభాగాలు మాత్రమే. మిగతావన్నీ మారినా ఫ్రేమ్ మీది నంబరు నిలిస్తే అది అదే తుపాకి. భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ తుపాకిని తయారు చేయడానికే కాక, మార్చడానికీ బాగుచేయడానికీ లైసెన్సు ఉండాలంటుంది. చట్టం దృష్టిలో నంబరు లోహపు సారాన్ని సూచించడం లేదు. ఆ ఆయుధం ఎవరి చేతిలో ఉంది, ఎవరు జవాబుదారీ అన్నదాన్ని నిలుపుతోంది. ‘అదే’ అనే మాటకు గట్టి పునాది ఇక్కడే ఉంది. మనిషి చేసిన వస్తువుల్లో, అందులోనూ ప్రాణం తీయగల వస్తువుల్లో, ఏకత్వం ముఖ్యంగా బాధ్యతకు సంబంధించిన విషయం.

పాత వస్తువుల విలువ కూడా ఇదే చెబుతుంది. వెనక నుంచి ముందుదాకా రంధ్రాలున్న సిలిండర్ మీద రాలిన్ వైట్ పేటెంటు 1869లో ముగిశాక, కోల్ట్ కంపెనీ మందు, గుండు విడిగా దట్టించే తన పాత రివాల్వర్లను తూటా వేసేవిగా మార్చింది. అమెరికా సైన్యం కూడా తన పాతవాటిని మార్పించుకుంది. వాటిని సేకరించేవారు నేడు గౌరవంగా దాచుకుంటారు, ఎందుకంటే ఆ మార్పు దాపరికం లేనిది. నిన్నమొన్న మార్చినదాన్ని నాటి కార్ఖానా పనిగా చెప్పి అమ్మితే మాత్రం అది మోసం. వస్తువు గతం కంటికి కనబడదు. నైయాయికుల మాటలో అది ఆప్తవాక్యం వల్ల, అంటే నమ్మదగినవారి మాట వల్ల తెలియాలి. అందుకే మంచి గన్‌స్మిత్ గొట్టం మీద కొత్త తూటా పేరు చెక్కుతాడు, చేసిన పనికి రికార్డు ఉంచుతాడు. ఆ పేరు లేకపోతే తరువాతి యజమాని తప్పు తూటా వేయవచ్చు, గాయపడవచ్చు.

ఇక మిగిలింది ఫ్రేమే పగిలిన సందర్భం. పాత గొట్టం, పాత సిలిండర్, పాత పిడి అన్నీ కొత్త ఫ్రేమ్‌కు బిగిస్తే, చేతికి తెలిసిన బరువూ పట్టూ అన్నీ పాతవే కావచ్చు. అయినా చట్టం దాన్ని మరో తుపాకి అంటుంది, లాక్ నిర్మాణం చూసి అదేనంటాడు, నైయాయికుడు ఖండపటం నియమాన్నే వర్తింపజేసి కొత్తదంటాడు. నాగసేనుడి సమాధానం మాత్రం ఈ సందర్భంలోనూ మారదు.