గ్రంథస్వామ్యమును వాక్స్వాతంత్ర్యమును

2017వ సంవత్సరము ఆగస్టు నెలలో ఇంటర్నెట్ ఆర్కైవు అను అంతర్జాల గ్రంథాలయము మన దేశమున హఠాత్తుగా మూతపడెను. ఏమి తప్పు చేసితివని దాని నెవరును ముందుగా అడుగలేదు. ఆ దినములలో విడుదలైన రెండు హిందీ చలనచిత్రముల నిర్మాతలు, తమ చిత్రముల దొంగప్రతులను వ్యాపింపజేయు వెబ్‌సైట్లను ఆపింపవలెనని మద్రాసు హైకోర్టును కోరిరి. వారి పట్టికలలో 2,600కు పైబడిన పేర్లుండెను. అందులో నీ గ్రంథాలయము పేరును చేరియుండెను. ఆజ్ఞ వెలువడెను, అంతర్జాల సదుపాయమిచ్చు కంపెనీలు దానిని పాటించెను.

హిందీ చిత్రముల తగవుతో మనకేమి పని యని చదువరులడుగవచ్చును. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన రాజ్ రెడ్డిగారు అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆచార్యులై, పది లక్షల పుస్తకములను పుటపుటకును ఛాయాచిత్రము తీయించి లోకమునకు ఉచితముగ నందింపవలెనని పూనుకొనిరి. ఆ పూనికకు మన దేశమున వెలసిన శాఖయే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. పాత పత్రికల సంపుటములు, ప్రబంధ వ్యాఖ్యానములు, మరల అచ్చునకు నోచుకొనని నవలలు, ఇట్టి తెలుగు పుస్తకములు వేలకొలది ఆ విధముగ నిలిచినవి. వాని ప్రతులు పెక్కు ఇంటర్నెట్ ఆర్కైవులో చేరినవి. హక్కు తీఱని పుస్తకములు కొన్ని అనుమతి లేకయే వానిలో గలసినవన్న మాటయు నిజమే. అయినను, మా కలకడవంటి యూరనుండు విద్యార్థికి 1920 ప్రాంతపు తెలుగు పుస్తకమొకటి కావలసివచ్చినచో, తిరుపతికి పోయి వెదకవలెను. అచటనైనను దొరకునన్న నమ్మకము లేదు. చేతిలోని ఫోనులో దొరకును. సినిమా దొంగను పట్టుటకు వేసిన తాళము ఈ పిల్లవాని చదువునకును పడినది.

తరువాత తెఱచిరి గదా యందురేమో. తెఱచిన మాట వాస్తవమే కాని, విచారణ లేకయే మూయవచ్చునన్న పద్ధతి ఆ తాళముతోపాటు పోలేదు. మా ఆక్షేపణ యంతయు ఆ పద్ధతిమీదనే.

మేము గ్రంథకర్తల హక్కునకు విరోధులము కాము. 2013లో ‘అత్తారింటికి దారేది’ చిత్రము విడుదలకు ముందే సగభాగము బయటికి పొక్కగా, నిర్మాత యనుకొన్న దినమునకు ముందే దానిని ప్రదర్శనమునకు పంపవలసివచ్చెను. వందలమంది కష్టము నట్లు దోచుకొనుటను స్వాతంత్ర్యమని మేము పిలువజాలము. తన సొమ్ముతో ఐదువందల ప్రతులచ్చువేయించుకొన్న తెలుగు రచయిత సంగతి మఱింత దీనమైనది. సినిమాకును, అచటి తినుబండారములకును వెనుదీయక వ్యయపెట్టు విద్యాధికులే, నూటయేబది రూపాయల పుస్తకమునకు మాత్రము ‘పీడీఎఫ్ ఉన్నదా’ యని యడుగుచుండుట మనము వినుచునే యున్నాము.

ఇచ్చట మన పెద్దల మతమును గొంత విచారింపవలసియున్నది. పద్యచౌర్యము వారెఱుగనిది కాదు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో శబ్దహరణమును, అర్థహరణమును అధ్యాయములు పెట్టి చర్చించెను. ఒకని భావమును దనదిగా జెప్పుకొనుట తప్పు. ఒకని గ్రంథమునకు ప్రతి వ్రాసికొనుట పుణ్యము. ఫలశ్రుతులలో చదివినవారితోపాటు వ్రాసినవారికిని ఫలము చెప్పబడుచుండెను. మాకు సమీపమునగల తరిగొండ వెంగమాంబగారి కావ్యములు తాటాకులమీద ప్రతులెత్తినవారి చలువననే నిలిచినవి. కడపలో బ్రౌనుదొర పండితులను, లేఖకులను జీతములిచ్చి కూర్చుండబెట్టి ప్రతులు వ్రాయింపకున్నచో మన సారస్వతములో నెంత మిగిలెడిదో చెప్పలేము.

ఇక తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనల రాగిరేకులు తిరుమలలో నొక యఱలో శతాబ్దములు మూతపడియుండి, ఇరువదవ శతాబ్దమునగాని వెలికిరాలేదు. ఆ యఱలోనున్నంత కాలము వానికి దొంగభయము లేదు, పాడువారును లేరు.

అయితే ఆనాటి ధర్మమును మార్పులేక ఈనాటికి తెచ్చుట న్యాయము కాదు. లేఖకుడొక ప్రతికి నెలలు శ్రమించెను. నేడు వ్రేలితో తాకినమాత్రమున లక్ష ప్రతులగును. కనుక చట్టము కావలసినదే. కాని ఆ చట్టము ఎట్టిదో గుర్తుంచుకొనవలెను. 1957 నాటి కాపీరైటు చట్టములో రచయిత మరణానంతరము 50 ఏండ్లుగానున్న గడువును, రవీంద్రనాథ ఠాకూరు రచనల గడువు తీఱవచ్చిన సమయమున, 1992 సవరణతో 60 ఏండ్లు చేసిరి. మనుష్యులు ఒక ప్రయోజనముకొఱకు ఏర్పఱచి, అవసరమునుబట్టి పొడిగించిన హక్కిది. పుట్టుకతో వచ్చినది కాదు. మాటాడు స్వాతంత్ర్యమో, రాజ్యాంగము 19వ అధికరణమున నున్నది. దానికి హద్దులుగా జెప్పిన కారణములలో గ్రంథస్వామ్యము పేరులేదు. పలుకువాని హక్కులో వినువాని హక్కును చేరియున్నదని సుప్రీంకోర్టు 1995లో ఆకాశవాణీ తరంగముల వ్యాజ్యెమున స్పష్టపఱచినది. ఆ కారణముచేతనే చట్టము 52వ విభాగమున విమర్శకును, బోధనకును చోటు విడిచినది. ఫిర్యాదు రాగానే 21 దినములు రచనను నిలిపి, అంతలో కోర్టు ఆజ్ఞ తేనిచో మరల నుంచవచ్చునని 2012 సవరణ చెప్పుచున్నది.

ఇరువదియొక్క దినములు! క్రొత్త చిత్రము బాగులేదని చెప్పిన విమర్శకు అది మరణశాసనమే, ఏలయన అంతకాలమునకు చిత్రమే వెళ్లిపోవును. యూట్యూబులో మూడు ఫిర్యాదులు నిలిచినచో ఛానెలంతయు తీసివేయబడవచ్చును. నిమిషము నిడివి దృశ్యమును జూపి తప్పెన్నువాడు వకీలును పెట్టుకొనగలవాడా? దొంగతనమను పేరుతో నిందను ఆపుట ఎంత సులభమో చూడుడు.

వేఱు మార్గము లేదనుటయు సరికాదు. మద్రాసు ఆజ్ఞకు ఒక సంవత్సరము ముందు, 2016 జూలైలో, ‘డిష్యూం’ అను చిత్రము విషయమై బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి గౌతమ్ పటేల్‌గారు సైట్లను గంపగుత్తగా మూయింప నిరాకరించిరి. ఏ పుటలో దొంగప్రతి యున్నదో ఒక్కొక్కటిగా సరిచూచి ప్రమాణపత్రము దాఖలు చేయుడని నిర్మాతలను ఆదేశించిరి. నిర్మాతలకు ఇది శ్రమయే. కాని ఇతరుల వాకిలి మూయింపగోరువాడు ఆ శ్రమ పడవలదా? అబద్ధపు ఫిర్యాదు చేసినవాడు నష్టపరిహార మిచ్చుకొనవలెననియు మేము కోరుచున్నాము.

ఫిర్యాదు చేయువాడును, అనుమతి యిచ్చువాడును లేని పుస్తకముల మాట యొకటి మిగిలినది. 1970లో గతించిన రచయిత పుస్తకము 2030 చివఱవరకు హక్కులోనుండును. ప్రకాశకుడు లేడు, వారసులెవరో తెలియదు. భయపడి దాని నెవరును ముట్టరు. అట్టి గ్రంథకర్తల మనుమలు, మనుమరాండ్రు ఈ పత్రిక చదువువారిలో నుండకపోరు. మీ తాతగారి పుస్తకము అటకమీద నున్నచో దింపి చూడుడు. హక్కు మీదేయైనచో, ఎవరైనను దీనిని ప్రతిచేసి పంచవచ్చునని ఒక కాగితముపై వ్రాసి, సంతకముచేసి, పుస్తకముతోగూడ సమీపపు గ్రంథాలయమున కిండు.