ఇద్దరు సాక్షుల మాట

మనము చూడకమునుపే ప్రతి వస్తువునకు దాని గుణము స్థిరముగా ఉండునా? ఒకచోట జరిగినది దూరపు చోటును తక్షణమే తాకగలదా? మొదటిదానికి అవుననియు, రెండవదానికి కాదనియు మనము తడుముకొనక చెప్పుదుము. అయితే ఈ రెండు జవాబులను ఒకేసారి పట్టుకొని ఉండుట కష్టమని భౌతికశాస్త్రము చూపినది.

సాక్షుల విచారణవలె దీనిని తలంచుడి. చౌడేపల్లె నుండి ఇద్దరు సాక్షులు బయలుదేరి, ఒకడు పుంగనూరునకు, ఒకడు కుప్పమునకు వెళ్లిరి. ప్రశ్నలు మూడు. ఒక్కొక్కనికి చీటిలో వచ్చిన ఒక్క ప్రశ్న మాత్రమే వేయుదురు. అతడు అవుననియో కాదనియో చెప్పవలెను. ఇట్టి జతలు వేలకొలది వచ్చుచున్నవి. ఇద్దరికి ఒకే ప్రశ్న వచ్చినప్పుడెల్ల జవాబు ఒకటే. ముందే కూడబలుకుకొనిరని ఏ ప్లీడరైనను అనును గదా! 1935లో ఐన్‌స్టీన్, ఇద్దరు తోటి శాస్త్రులతో కలిసి, ఇంచుమించు ఇట్టి వాదమే చేసెను. జవాబులు రేణువులయందు ముందే ఉన్నవి, క్వాంటం శాస్త్రమే అసంపూర్ణమని ఆయన తలంపు.

బెల్‌ఫాస్టులో పుట్టిన జాన్ బెల్ 1964లో దీనికి అడ్డుప్రశ్న కనుగొనెను. దాని సులభరూపము ఇది. జవాబులు రెండు విధములే గనుక, కూడబలుకుకొన్న మూడు జవాబులలో కనీసము రెండు ఒకటిగా ఉండక తప్పదు. కాబట్టి ఇద్దరికి వేరువేరు ప్రశ్నలు వచ్చినప్పుడు మూడింట ఒక పాలైనను జవాబులు కలియవలెను. (వ్రేళ్లమీద లెక్కించి చూడుడి, పలక అక్కరలేదు.) తగిన విధముగా ఎన్నుకొన్న వెలుగురేణువుల జతలకు క్వాంటం శాస్త్రము చెప్పునది నాలుగింట ఒక పాలే. ఆ కొద్ది తరుగులోనే వ్యాజ్యమంతయు ఉన్నది.

ఇట్టి లెక్కలను 1972లో ఫ్రీడ్‌మన్, క్లౌసర్ అమెరికాలోను, 1982లో ఆస్పె ఫ్రాన్సులోను పరీక్షించిరి. 2015లో డెల్ఫ్టు పట్టణమున, 1.3 కిలోమీటర్ల ఎడములో, మునుపటి పరీక్షల సందులు మూసి మరల చూచిరి. క్వాంటం లెక్కయే నిలిచెను. 2022లో క్లౌసర్, ఆస్పె, జైలింగర్లకు నోబెల్ బహుమానము వచ్చినది.

మరి ఏది విడువవలెను? అడుగువరకు జవాబే లేదని కొందరందురు. అట్లయిన ఆ రెండును ఎట్లు కలిసెనో వారు చెప్పక దాటుదురని మనకు తోచుచున్నది. చీటీలు కూడ ముందే నిర్ణయింపబడినవని మరికొందరందురు. అప్పుడిక ఏ విచారణకును అర్థముండదు. డేవిడ్ బోమ్ 1952లో వస్తువు నిజముగా ఉన్నదనుట పట్టుకొని, దూరము అడ్డమనుట విడిచెను. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తితో తరువాతి కాలమున ఏండ్ల తరబడి సంభాషించినవాడు ఈయనే. ఆ లెక్క మాత్రము వారి స్నేహమునకు ముందటిది.

ఇక్కడ మన సంఘములకు తగులు మాట ఒకటి కలదు. దూరముననున్న బిడ్డకొరకు తల్లి చేయు ప్రార్థనకు ఇది సైన్సు రుజువని ఎవరైనను ప్రసంగించినచో, ఆ మాట ఒప్పుకొనరాదు. పుంగనూరు సాక్షి జవాబులు వరుసగా వ్రాసిన, సగము అవును, సగము కాదు, క్రమమేమియు లేదు. కుప్పమున ఏమి అడిగిరో అందులో కనబడదు. రెండు కాగితములు పక్కపక్కన పెట్టిననే పొందిక తేలును. ఆ కాగితము బస్సులోనో ఫోనులోనో రావలసినదే. ఈ జతలచేత ఒక్క వార్తయైనను పంపజాలము. తల్లి ప్రార్థన ఇట్టి సాక్ష్యమును అడుగలేదు, మనము దానికి తప్పుడు సాక్షిని తేనేల?

బోమ్ ఒప్పుకొన్న ఆ దూరపు తాకిడి కూడ మన జాబును మోయదు. ఆయన మార్గమును తక్కిన మార్గములనుండి వేరుచేయు పరీక్ష నేటికిని దొరకలేదు.