ఇత్తడి బాకా ఎవరిది?

ధ్యాన భాగము: అపొ. కార్యములు 10:9-16



పేతురు ఆకలిగొనియుండియు, పరమునుండి దిగిన దుప్పటిలోని వాటిని ముట్టనొల్లకపోయెను. దేవుడే శుద్ధిచేసినదానిని అంటరానిదనుటకు అతనికి అధికారము లేదని మూడు మారులు తెలుపవలసివచ్చెను. మనకెన్ని మారులు తెలుపవలెనో!

అమెరికాలోని సిన్సినాటి పట్టణమున 1881లో హెన్రీ ఫిల్మోర్ జన్మించెను. తండ్రి భక్తిపరుడు, క్రైస్తవ కీర్తనలు కూర్చి అచ్చువేయించువాడు. బాలుడు సంఘ గాయకులతో పాడుచుండెను గాని, వాని మనస్సు ట్రాంబోన్ మీద నిలిచెను. అది గొట్టమును ముందుకు వెనుకకు జరుపుచు ఊదు ఇత్తడి బాకా. నీతిమంతుడు ముట్టదగినది కాదని తండ్రి ఎంచెను. తల్లి చాటుగా ఒక పాతదానిని కొనియిచ్చెను. బాలుడు తనంతట తానే దానిని నేర్చుకొనెను.

అతడు 250కి పైగా రచనలు చేసెను. వాటిలో కవాతు సంగీతము మిక్కిలి పేరుపొందెను. తండ్రి అచ్చు కంపెనీయే తరువాత ఆ బ్యాండు సంగీతమును ప్రచురించెను! అతడు హారొల్డ్ బెన్నెట్ అను మారుపేరుతో, క్రొత్తగా నేర్చుకొను పిల్లలకొరకు తేలికైన వరుసలు కూర్చెను. 1938లో గుండెజబ్బువలన పని మానుకొని ఫ్లారిడాకు వెళ్లియు, 1956లో మరణించువరకు బడిపిల్లల బ్యాండులను ప్రోత్సహించుచు వచ్చెను.

ప్రియులారా, మేమును ఆ తండ్రివలెనే చేసితిమి. పెండ్లి మేళములో బాకా ఊదు మా సంఘపు యౌవనుడొకడు క్రిస్మస్ ఆరాధనలో ఊదనిమ్మని అడిగెను. జాతరలలో ఊదినది దేవుని మందిరములోనికి రాకూడదంటిమి. వాడు మారుమాటాడక వెళ్లిపోయెను. మరల గుడికి రాలేదు. కొన్నాళ్లకు వాని తల్లి, "అయ్యగారూ, వాడు ఊది తెచ్చిన కూలిలోనుండియే గదా నేను కానుక వేయుచున్నాను? అది మాత్రము గుడిలోనికి రావచ్చునా?" అని అడిగెను. మాకు నోట మాట రాలేదు.

బాకా తానై పాపము చేయదు. ఊదువాని హృదయమునే దేవుడు చూచును. 150వ కీర్తనలో వాద్యములన్నిటికంటె ముందు పేర్కొనబడినది బాకాయే గదా!

మేము వాని యింటికి వెళ్లి తప్పు ఒప్పుకొంటిమి. వాడింకను రాలేదు. వానికొరకు ప్రార్థించుడి. మీ సంఘములోను గుమ్మము బయట నిలిచిన కుమారుడు ఎవడైన ఉన్నయెడల, ఈ ఆదివారమునకు ముందే వాని పిలుచుడి. ప్రభువు మనకు ఆ తల్లి మనస్సు దయచేయును గాక. ఆమెన్.