కులం తెలియని చోట

"ఇంకా కులం ఎక్కడుందండీ? బస్సెక్కితే పక్కనోడిది ఏ కులమో ఎవడైనా అడుగుతున్నాడా?"

ఈ మాట వినకుండా ముప్పై ఏళ్లు దాటిన దళిత ఉద్యోగి ఉండడు. మా స్టాఫ్‌రూంలో ఏప్రిల్ 14 దగ్గరపడ్డప్పుడొకసారి, ప్రమోషన్ల రోస్టర్ బయటికొచ్చినప్పుడొకసారి తప్పకుండా వినబడుద్ది. అనేవాళ్లంతా దుర్మార్గులేం కాదు. నమ్మే అంటారు. ఆ నమ్మకం ఈనాటిది కూడా కాదు. మన దేశంలో బొంబాయి నుంచి ఠాణాకు తొలి ప్రయాణికుల రైలు నడిచింది 1853లో. అదే ఏడు లండన్‌లో కూర్చుని ఒక అమెరికా పత్రికకు రాస్తూ కార్ల్ మార్క్స్, ఈ రైళ్ల వెంట వచ్చే పరిశ్రమలు కులాలకు ఆధారమైన వంశపారంపర్య పని విభజనను కరిగించేస్తాయని ఊహించాడు. రైలొచ్చి నూట డెబ్బై ఏళ్లు దాటింది. ఆ పట్టాల మీద మలం ఎత్తే పని తరాల తరబడి ఎవరిచేత చేయించారో మనకు తెలుసు.

అయినా ఆ ప్రశ్నను ఎగతాళి చేసి వదిలెయ్యకూడదు. అందులో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. కులం తెలియని చోట కులం లేనట్టేనా? అందరూ ఒకే కష్టంలో ఇరుక్కున్నప్పుడు అందరూ సమానమైనట్టేనా? వీటి వెనక ఇంకో ప్రశ్న ఉంది, అది మనలో మనం వేసుకునేది: కులం చెప్పకుండా బతికే మనవాడు తప్పు చేస్తున్నాడా?

మా నాయన పాలేరు. చెప్పులు కుట్టడం తాతతోనే ఆగిపోయింది. నాయన చిన్నప్పుడు మా ఊరి బస్సులో టిక్కెట్టు తీసుకుని కూర్చున్నా, ఊళ్లో రైతు ఎవరన్నా ఎక్కితే లేచి నిలబడాల్సిందే. లెమ్మని ఎవరూ అనేవాళ్లు కాదంట. "అనేదాకా ఎందుకు కూసుంటాంరా" అనేవాడు నాయన. అదే బస్సు పొదిలి దాటి ఒంగోలు రోడ్డెక్కాక తన మొహం ఎరిగినవాళ్లు ఉండరు గనక కూర్చునేవాడు. అంటే మా నాయనకు సమానత్వం పొదిలి అవతల మొదలై, తిరిగొచ్చేటప్పుడు పొదిలి దగ్గరే ముగిసిపోయేది. బస్సు అదే, చార్జీ అదే. మారింది ఒక్కటే, ఎరిగిన కళ్లు.

బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో చెప్పుకున్న ప్రయాణాలు కూడా ఇలాంటివే. 1901లో తొమ్మిదేళ్ల భీమ్‌రావు అన్నతో, ఇంటి పిల్లలతో కలిసి తండ్రి దగ్గరికి బయల్దేరాడు. రైలు దిగిన దగ్గర వాళ్ల మంచి బట్టలు చూసి ఆదరంగా పలకరించిన స్టేషన్ మాస్టరు, మహర్లమని చెప్పగానే మొహం మార్చేశాడు. బండివాళ్లెవరూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయి తీసుకుని, బండి పిల్లల్నే తోలుకోమని, తాను పక్కన నడిచొచ్చాడు. రాత్రంతా తాగడానికి నీళ్లు లేవు. సుంకం వసూలు చేసేవాడి దగ్గర ముస్లింలమని చెప్పి అడగమన్నాడు బండివాడు. పిల్లాడు అలాగే అడిగాడు. అబద్ధం చెప్పినా నీళ్లు దొరకలేదు. 1929 నాటికి ఆ పిల్లాడు బారిస్టరు. అయినా చాలీస్‌గావ్‌లో టాంగావాళ్లు ఆయన్ను ఎక్కించుకుని తోలమన్నారు. టాంగా అద్దెకు తీసుకుని, తోలడం రాని మనవాడే తోలితే, బాబాసాహెబ్ కిందపడి కాలు విరిగింది. బండి ఉంది, గుర్రం ఉంది, డబ్బుంది. తోలేవాడికి ఆయన ఎవరో తెలిసిపోయింది, అంతే.

నాకు ఈ సంగతి మన దేశంలో కాదు, పరాయి దేశంలో ఒక రాత్రంతా కూర్చుంటే బాగా తెలిసొచ్చింది.

2023 వేసవి సెలవుల్లో మేం నలుగురం టీచర్లం లుంబిని పోయాం. మా జీతాలకీ మా అప్పులకీ అందే విదేశం నేపాలే. మనకు అక్కడ పాస్‌పోర్టు, వీసా అక్కర్లేదు. ఓటరు కార్డు చాలు. విజయవాడలో రైలెక్కి గోరఖ్‌పూర్, అక్కణ్ణుంచి బస్సులో సునౌలీ, సరిహద్దు గేటు కిందుగా నడిచి అవతలికి. మే 5న బుద్ధపూర్ణిమ. అశోకుడి స్తంభం చూశాం. బుద్ధుడు పుట్టిన ఊరని పన్ను తగ్గించినట్టు దాని మీద చెక్కించాడు. మర్నాడు సాయంత్రం భైరహవాలో కాఠ్మండు పోయే రాత్రి బస్సెక్కాం. 1956 నవంబరులో, చనిపోవడానికి మూడు వారాలు కూడా లేని రోజుల్లో, బాబాసాహెబ్ ప్రపంచ బౌద్ధ సమ్మేళనానికి పోయి బుద్ధుడి గురించీ మార్క్స్ గురించీ మాట్లాడిన ఊరు కాఠ్మండు. ఆ ఊరు చూడాలనే మా పట్టుదల.

సీట్లు నలుగురికీ నాలుగు చోట్ల వచ్చాయి. నాది వెనక చక్రం మీద సీటు. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. నడిచే దారిలో ప్లాస్టిక్ స్టూళ్లేసి ఇంకో వరస జనాన్ని కూర్చోబెట్టారు. బుట్వల్ దాటాక బర్దఘాట్ నుంచి డౌన్నే కొండెక్కే రోడ్డు అప్పటికి వెడల్పు చేసే పనుల్లో ఉంది. రోడ్డనేది లేదు, దుమ్మూ రాళ్లే. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే నోట్లో మన్ను. వాంతులు చేసుకునేవాళ్లకు క్లీనరు నల్ల కవర్లు పంచాడు. ఒకరి మోచెయ్యి ఇంకొకరి పక్కటెముకల్లో, ఒకరి కాళ్లు ఇంకొకరి మూటల మీద. ఎవరి కాలన్నా తగిలితే వెంటనే తగిలిన చోట చేత్తో తాకి, ఆ చెయ్యి తమ నుదుటికి ఆనించుకున్నారు. నాకు చుండూరు గుర్తొచ్చింది. సినిమా హాల్లో దళిత యువకుడి కాలు ముందు సీటువాడికి తగిలిందన్న దగ్గర మొదలై, 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని నరికి చంపేదాకా పోయింది. అప్పటికి నేను ఏడాది పిల్లాణ్ణి. మా ఇళ్లల్లో సినిమాకి పోయేవాళ్లకి "కాళ్లు దగ్గర పెట్టుకోండిరా" అని చెప్పడం మాత్రం నా పదో తరగతిదాకా విన్నా.

నా పక్కన ఒక ముసలాయన. పాల్పా వైపు పల్లె నుంచి కాఠ్మండులో కొడుకు దగ్గరికి పోతున్నాడు. ఢిల్లీలో ఏళ్ల తరబడి కాపలా పని చేశాడంట, హిందీ బాగా వచ్చు. చొక్కా గుండీల సందున జంధ్యం కనబడుతోంది. పేదవాడే, చెప్పుల కంటే కాళ్ల పగుళ్లే గట్టిగా ఉన్నాయి. వేయించిన మొక్కజొన్నలు నా చేతిలో పోశాడు. తన సీసా ఎత్తి తాగి నాకిచ్చాడు. నా పేరడిగాడు. తర్వాత 'థర్' అడిగాడు. థర్ అంటే ఇంటిపేరు. అక్కడ చాలాసార్లు ఇంటిపేరు చెబితే కులం తెలిసిపోద్ది. మా ఇంటిపేరు ఆయనకేం తెలుసుద్ది? 'ఆంధ్రా మాస్టర్‌జీ' అని ఊరుకున్నాడు.

అన్నాలకు ఆపిన చోట ఇంకో కుర్రాడు పరిచయమయ్యాడు. స్టూలు మీద కూర్చుని వస్తున్నాడు. కాఠ్మండు పోయి కతార్ విమానం ఎక్కాలి. నా సంచికి ఉన్న అంబేడ్కర్ బొమ్మ చూసి తనే పలకరించాడు. తాము సార్కీలమని గొంతు తగ్గించి చెప్పాడు. సార్కీలంటే అక్కడి తోలుపని కులం. మేమూ వాళ్లమేనన్నా. నవ్వాడు. కాఠ్మండులో గది అద్దెకు తీసుకున్నప్పుడు ఇంటామెకు వేరే థర్ చెప్పాడంట. "నిజం చెబితే గది ఇవ్వరు దాయ్" అన్నాడు. అతను లేనిది కల్పించలేదు. 2021లో కాఠ్మండులోనే ఒక దళిత పాత్రికేయురాలికి కులం తెలిశాక అద్దెగది ఇవ్వననడం ఆ దేశమంతా గొడవైంది.

ఆ దేశంలో చట్టం లేక కాదు. 1854 నాటి ములుకీ ఐన్ నీళ్లు చెల్లని కులాలనీ, ముట్టుకుంటే నీళ్లు చల్లుకోవాల్సిన కులాలనీ చట్టంగానే రాసిపెట్టింది. 1963లో దాన్ని తీసేశారు. 2011లో అంటరానితనాన్ని శిక్షించే చట్టం చేశారు. 2015 రాజ్యాంగంలోనూ రాసుకున్నారు. అయినా 2020 మేలో పశ్చిమ రుకుంలో ఒక దళిత యువకుడు తాను ప్రేమించిన పెద్దకులం పిల్ల కోసం స్నేహితుల్ని వెంటబెట్టుకుని పోతే, ఊరు తరిమింది. ఆరుగురు కుర్రాళ్ల శవాలు భేరీ నదిలో తేలాయి. కారంచేడు, చుండూరు చదువుకున్న మనకు ఇది చెప్పాల్సిన కథ కాదు.

బస్సు నారాయణ్‌గఢ్ దాటి త్రిశూలి ఒడ్డున లోయలోకి మళ్లాక ముసలాయన మళ్లీ అడిగాడు. ఈసారి థర్ కాదు, సూటిగా జాత్ అడిగాడు. "మీ భాషలో సార్కీ" అన్నా. ఆయన ఏమీ అనలేదు. తిట్టలేదు, మొహం చిట్లించలేదు. జరుగుదామని చూశాడు. జరగడానికి చోటేది? అటు కిటికీ, ఇటు నేను. భుజం నా భుజానికి ఆనే ఉంది, మనిషి మాత్రం పక్కకు పోయాడు. సీసాలో నీళ్లున్నాయి. తాగి, మూత పెట్టి, సంచిలో దాచుకున్నాడు. మొక్కజొన్నల పొట్లం కూడా. ముగ్లింగ్ దాటాక నిద్రపట్టి ఆయన తల నా భుజం మీద వాలింది. తెల్లారి కలంకీలో బస్సాగేదాకా అక్కడే ఉంది. లేచాక సర్దుకుని, నావైపు చూడకుండా దిగిపోయాడు.

ఇందులో ఆయన్ను తిట్టిపోయడానికి నేను రాయడం లేదు. నాకు అర్థమైంది చెబుతా. మొదటి సగం రాత్రి ఆయన నాకిచ్చింది సమానత్వం కాదు, తెలియకపోవడం. తెలియకపోవడం అప్పులాంటిది, తెలిసిన క్షణాన వడ్డీతో సహా వసూలవుద్ది. కులం ఇటుకల గోడ కాదు, మనసులో ఉన్న భావన అని బాబాసాహెబ్ చెప్పింది ఇదే. గోడైతే అంత ఇరుకు బస్సులో పట్టేది కాదు. భావన కాబట్టి ఇద్దరి భుజాల మధ్య వెంట్రుకవాసి సందు లేకపోయినా పట్టింది. నిద్రపోయినప్పుడు పోయింది, లేవగానే వచ్చింది. దాన్ని మోయడానికి మెలకువ కావాలి. అంటే అది పుట్టుకతో వచ్చే గుణం కాదు, మనిషి రోజూ పూనుకుని చేసే పని. చేసే పని అయితే మానుకోవచ్చు. మానుకోమని అడిగే హక్కు మనకుంది.

ఇక కష్టం సమానమైతే మనుషులు సమానమా? ఆ బస్సులో కష్టం కూడా సమానంగా లేదు. కుర్రాడు స్టూలు మీద, మేం సీట్లలో. అయినా ముసలాయనకీ కుర్రాడికీ పేదరికంలో పెద్ద తేడా లేదు, ఇద్దరూ పొట్టకూటికి ఊళ్లు తిరిగినవాళ్లే. ఆ దుమ్ము ఇద్దరూ మింగారు. తర్వాతి ఏడాది, 2024 జూలై 12 తెల్లవారుజామున, అదే దారిలో సిమల్‌తాల్ దగ్గర కొండచరియ విరిగిపడి, అరవై మందికి పైగా ఉన్న రెండు బస్సుల్ని త్రిశూలిలోకి నెట్టేసింది. నది ఎవరి థర్ అడగలేదు. కానీ చావులో ఒక్కటవుతాం గదా అని బతుకులో వేరుగా ఉండటానికి ఒప్పుకోమంటే ఎట్లా? కష్టం మనుషుల్ని పక్కపక్కన కూర్చోబెట్టగలదు, కలపలేదు. ఆ పని సోదరభావం చెయ్యాలి. దుమ్ములో నుంచి అది దానంతటది పుట్టదు.

చివరిది మనకు సంబంధించింది. 1994 జూలై 7న మా ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలయ్యాక మనవాళ్లు పేరు చివర మాదిగ అని తగిలించుకున్నారు. తిట్టుగా వాడిన మాటను జెండాగా ఎత్తారు. ఆ ధైర్యంలోనే నా చదువు, నా ఉద్యోగం ఉన్నాయి. అదే ఉద్యమంలో పెరిగిన మనం కులం చెప్పనివాణ్ణి పిరికివాడనీ, జాతిని దాచుకున్నాడనీ అంటుంటాం. ఆ కుర్రాణ్ణి అట్లా అనగలమా? నేను ముసలాయనకు నిజం చెప్పానంటే అది గొప్ప ధైర్యం కాదు. నేను జీతగాణ్ణి, పరాయి దేశం వాణ్ణి, తెల్లారితే దిగిపోయేవాణ్ణి. నాకు పోయింది రెండు గుక్కల నీళ్లు. అతను నిజం చెబితే నెత్తి మీద కప్పు పోద్ది. నిజానికి ఇద్దరి దగ్గరా ఒకటే ధర లేదు. ధర ఒకటి కానప్పుడు ఒకటే నీతి పెట్టి కొలవడం అన్యాయం.

అబద్ధం ఎప్పుడు తప్పవుద్ది? తెలుసుకునే హక్కున్నవాడి దగ్గర దాచినప్పుడు. అద్దెగది ఇచ్చేవాడికి నా కులం తెలుసుకునే హక్కు ఎవడిచ్చాడు? నీళ్లు పోసేవాడికెవడిచ్చాడు? తొమ్మిదేళ్ల భీమ్‌రావు ఆ రాత్రి చెప్పిన మాటలో పాపం ఉంటే అది దాహంతో అడిగిన పిల్లాడిది కాదు, ఆ మాట చెప్పక తప్పని స్థితి తెచ్చినవాళ్లది.

అట్లాగని అందరం దాచుకుందామా అంటే, కాదు. చెప్పగలిగినవాళ్లు చెప్పాలి. ఉద్యోగమున్నవాళ్లు, సంఘమున్నవాళ్లు, పోగొట్టుకునేది తక్కువున్నవాళ్లు ముందు చెప్పాలి, గట్టిగా చెప్పాలి. మనం ఎంతమందిమి చెబితే చెప్పలేనివాడికి ఆ నిజం ధర అంత తగ్గుద్ది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ కాలేజీలో, మీ గదిలో మనవాడొకడు ఇంటిపేరు మింగి తిరుగుతుంటే వాణ్ణి మీటింగులో నిలబెట్టకండి. వాడి పక్కన కూర్చోండి. నిలబెట్టాల్సింది "ఇంతకీ మీరేమిటోళ్లండీ?" అని అడిగేవాణ్ణి. వాణ్ణి మాత్రం వదలకండి: తెలుసుకుని ఏం చేస్తావయ్యా అని, జవాబు చెప్పేదాకా అడగండి.