మైక్ ఆన్ చేసిన శల్యుడు

ఈ వారం వీడియోలో కర్ణపర్వం మొదలుపెట్టాం. పదిహేడో రోజు యుద్ధం, శల్యుడు కర్ణుడికి సారథిగా రథం ఎక్కడం వరకూ వచ్చి ఆగాం. టైం లేక వీడియోలో వదిలేసిన ఒక సంగతి ఇక్కడ రాస్తున్నాను. ముఖ్యంగా ఫోన్‌లో గేములు ఆడేవాళ్ల కోసం. ఆడనివాళ్లూ చదవొచ్చు, మీ ఇంట్లో ఒకరైనా ఆడుతూనే ఉండుంటారు.

నా ప్రశ్న చిన్నదే. ఒక పని మనకి బాగా వచ్చు, పక్కవాడికి అంతగా రాదు. అంతమాత్రాన వాణ్ణి తక్కువ మనిషిగా చూసే హక్కు మనకి వస్తుందా? "రాదు" అని అందరం ఠక్కున చెప్పేస్తాం. అలా చెప్పి, రాత్రి పదకొండింటికి హెడ్‌సెట్ పెట్టుకోగానే "నూబ్ గాడు", "బాట్ గాడు", "ఎందుకురా ఆడతావు, అన్‌ఇన్‌స్టాల్ చేసుకో" అనే మాటలు మొదలవుతాయి. అనేవాళ్లు చెడ్డపిల్లలేం కాదు. వాళ్లలో శనివారం గుడికి వెళ్లేవాళ్లున్నారు, మన వీడియోలు చూసేవాళ్లూ ఉన్నారు.

అవనిగడ్డలో మా మేనమామ మనవడు ఉన్నాడు, 13 ఏళ్లు. వాళ్ల నాన్న వాడి పక్కన పడేసిన పాత ఫోన్‌లో బీజీఎంఐ ఆడతాడు. సెలవులకి వెళ్లినప్పుడు చూశాను. తెలియనివాళ్లు ముగ్గురితో కలిపి ఒక జట్టు పడింది. ఫోన్ నెమ్మది, సిగ్నల్ అంతంతమాత్రం, వీడు గురిపెట్టేలోపే అవతలివాడు కాల్చేస్తున్నాడు. రెండు నిమిషాలు తిరక్కుండానే స్పీకర్లో వినబడింది, "వీడు బాట్ రా బాబూ." వీడు ఏదో చెప్పబోయాడు. వీడి యాస విని ఇంకోడు నవ్వాడు. ఇప్పుడు ఎప్పుడూ మైక్ కట్టేసే ఆడతాడు. "ఎందుకురా?" అంటే, "అవసరం లేదు మావయ్యా" అన్నాడు.

ఆ "బాట్" అన్న మాట దగ్గర కాస్త ఆగుదాం. ఈ గేముల్లో కింది ర్యాంకుల మ్యాచ్‌లలో మనుషులు చాలకపోతే కంప్యూటర్ నడిపే బొమ్మల్ని వదులుతారు. వాటినే బాట్‌లంటారు. వాటిని ఎన్ని కొట్టినా ఎవరికీ నొప్పి ఉండదు, ఎందుకంటే లోపల ఎవరూ లేరు. అంటే ఒక పిల్లాణ్ణి బాట్ అన్నప్పుడు "నీకు ఆట రాదు" అని మాత్రమే అనడం లేదు. "నీలో ఎవరూ లేరు" అంటున్నాం. నూబ్ అనే మాటలో కనీసం మనిషి మిగులుతాడు, కొత్తవాడిగా. ఇందులో అదీ లేదు. అందరిలో అంతర్యామి ఉన్నాడని రోజూ దండం పెట్టుకునే మన నోటికి ఈ మాట ఇంత తేలిగ్గా ఎలా వస్తోందా అని నాకు ఆశ్చర్యం.

ఇప్పుడు శల్యుడి దగ్గరికి వద్దాం. మన తెలుగులో "శల్యసారథ్యం" అనే మాట ఉంది. పక్కనే ఉండి, సాయం చేస్తున్నట్టే ఉండి, మనిషిని లోపల్నించి కుంగదీయడం. ఆఫీసుల్లో, రాజకీయాల్లో ఈ మాట బాగా వాడతారు. దాని వెనక కథ తెలిస్తే గేమింగ్ వాళ్లకి ఇది చాలా దగ్గరగా అనిపిస్తుంది.

శల్యుడు మద్రదేశపు రాజు, మాద్రికి అన్న, నకుల సహదేవులకి స్వయానా మేనమామ. పాండవుల కోసం బయల్దేరాడు. దారిలో దుర్యోధనుడు చేసిన మర్యాదలకి లొంగి అటువైపు ఉండిపోయాడు. అప్పుడు ధర్మరాజు అతన్ని ఒక కోరిక కోరాడు. నువ్వు కర్ణుడికి సారథివి అవుతావు, అప్పుడు మాటలతో అతని తేజస్సు తగ్గించు అని. ఇది చేయదగని పనే అని ధర్మరాజు తనే ఒప్పుకుంటూ అడిగాడు. వ్యాసుడు ఆ మాట దాచలేదు.

పదిహేడో రోజు ఆ సమయం రానే వచ్చింది. కర్ణుడికి సారథ్యం చెయ్యమని దుర్యోధనుడు అడిగితే శల్యుడు ముందు మండిపడ్డాడు. రాజునైన నేను సూతపుత్రుడికి గుర్రాలు తోలాలా అని. ఇవాళ్టి భాషలో అయితే, "నా ర్యాంకేంటి, నన్ను వీడి జట్టులో వేస్తారా" అని. దుర్యోధనుడు బతిమాలాడు. త్రిపుర సంహారంలో శివుడి రథాన్ని సాక్షాత్తూ బ్రహ్మ నడిపాడని గుర్తుచేశాడు, నువ్వు కృష్ణుడి కంటే గొప్పవాడివని పొగిడాడు. చివరికి ఒప్పుకున్నాడు, కానీ ఒక షరతు మీద. కర్ణుడి ఎదుట నాకు తోచిన మాటలు అంటాను, ఎవరూ నన్ను ఆపకూడదు. అంటే మైక్ నా చేతిలోనే ఉండాలి!

ఇక రథం కదిలిన దగ్గర్నించీ మొదలు. అర్జునుడి ముందు నువ్వెంత, సింహం ముందు నక్కవి, ఇలాగే సాగింది. కర్ణుడూ ఊరుకోలేదు, మద్రదేశం వాళ్లందర్నీ కలిపి తిట్టాడు. ఒక జట్టు, ఒక రథం, ఎదురుగా శత్రువు. వీళ్లిద్దరూ ఒకళ్ల మీద ఒకళ్లు పడుతున్నారు. రాత్రి పన్నెండింటికి ఏ లాబీలో విన్నా ఇదే.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే ఘట్టం ఆ తర్వాత వస్తుంది. కర్ణుడు సర్పబాణం సంధించాడు. అప్పుడు శల్యుడు ఒక నిజమైన సలహా ఇచ్చాడు. ఈ గురి అర్జునుడి మెడకి తగలదు, సరిచూసి మళ్లీ సంధించు అన్నాడు. అది మంచి సలహానే. శల్యుడు సామాన్యుడేం కాదు, యుద్ధం తెలిసినవాడు. కర్ణుడు వినలేదు. కర్ణుడు ఒకసారి గురిపెట్టింది మార్చడు అన్నాడు. బాణం వదిలాడు. అటు కృష్ణుడు కాలితో రథాన్ని భూమిలోకి అదిమాడు. గుర్రాలు మోకాళ్ల మీద వాలాయి. బాణం వచ్చి అర్జునుడి కిరీటాన్ని ఎగరగొట్టింది, తల దక్కింది.

కర్ణుడి పొగరే దీనికి కారణం అని చెప్పొచ్చు, తప్పులేదు. కానీ పొద్దుట్నించీ చెవిలో విషం పోసిన గొంతు సాయంత్రం నిజం చెబితే ఎవరు నమ్ముతారు? మీ జట్టులో కొత్తవాణ్ణి పది నిమిషాలు బాట్ అని, పదకొండో నిమిషంలో "కుడిపక్క ఇంటి వెనకాల ఉన్నాడు, ఆగు" అని సరైన మాట చెప్పారనుకోండి. వాడు ఆగడు. అప్పటికి వాడి చెవిలో మీ గొంతు ఒక మోత అంతే. పైగా చాలామంది నాలా మైకే కాదు, అవతలివాళ్ల శబ్దం కూడా కట్టేస్తారు. చిన్నచూపు చూడటం పాపమా కాదా అన్నది ఒకవైపు ఉంచండి. అది ముందు మన నైపుణ్యాన్నే పనికిరాకుండా చేస్తుంది.

"అంటే మెత్తగా మాట్లాడమంటారా, మరి కృష్ణుడు కూడా అర్జునుణ్ణి తిట్టాడు కదా?" అని అడుగుతారు. నిజమే. గీత రెండో అధ్యాయం మొదట్లో కృష్ణుడు వాడిన మాట చాలా కటువైనది, మగాడికి ఎవరైనా అంటే గుచ్చుకునే మాట. కాబట్టి కటువుగా మాట్లాడటం, చిన్నచూపు చూడటం ఒకటి కావు. కృష్ణుడు ఆ ఒక్క మాట అని రథం దిగి వెళ్లిపోలేదు. అర్జునుడు అడిగిన ప్రతి ప్రశ్నకీ జవాబిస్తూ పద్దెనిమిదో అధ్యాయం దాకా కూర్చున్నాడు, అడిగిందే మళ్లీ అడిగినా విసుక్కోలేదు. మీరు ఎవరినైనా తిట్టి, తర్వాత గంటసేపు కూర్చుని వాడికి గురి నేర్పించగలిగితే, తిట్టండి. నాకేం అభ్యంతరం లేదు.

ఇంకో వాదన ఉంది, ఇది కొట్టిపారేసేది కాదు. "నేను నెలలు కష్టపడి ఈ ర్యాంకుకి వచ్చాను, వీడి వల్ల నా పాయింట్లు పోతున్నాయి." పోతాయి, బాధే. అయితే ఆ ర్యాంకు అంటే ఏంటో ఒకసారి చూద్దాం. బీజీఎంఐలో కాంకరర్ అనేది సర్వర్‌లో పైన ఉన్న 500 మందికే. రేపు దేశంలో ఆడేవాళ్లందరి నైపుణ్యం రెట్టింపు అయిందనుకోండి, అప్పుడూ కాంకరర్లు 500 మందే. అంటే మన పైమెట్టు మన చేతిలో మాత్రమే లేదు, కింది మెట్ల మీద నిలబడ్డవాళ్ల వల్ల కూడా ఉంది. వాళ్లందరూ నిజంగానే అన్‌ఇన్‌స్టాల్ చేసుకుంటే మనం ఎవరి కంటే పైన? పైగా సీజన్ మారగానే ర్యాంకు కిందికి దిగుతుంది. పుణ్యం ఖర్చయ్యాక స్వర్గం నుంచి దిగిరావడం గురించి గీత తొమ్మిదో అధ్యాయంలో ఉంది, గేమ్ చేసినవాళ్లు చదివారేమో మరి.

ఈ ర్యాంకుల లెక్కలకి ముత్తాత లాంటిది చదరంగం రేటింగ్. అర్పాద్ ఈలో అనే భౌతికశాస్త్ర ప్రొఫెసర్ తయారుచేశాడు, 1970లో ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే దాన్ని తీసుకుంది. అందులో నాకు చాలా నచ్చే నియమం ఒకటుంది. ఒక ఆటకి రేటింగ్ ఎంత కదలాలో చెప్పే గుణకం అందరికీ ఒకటి కాదు. 2400 చేరినవాళ్లకి 10, వాళ్ల కింద ఉన్నవాళ్లకి మామూలుగా 20, కొత్తగా వచ్చినవాళ్లకి మొదటి 30 ఆటలు పూర్తయ్యేవరకూ 40. అంటే కొత్తవాడి పేరు పక్కన ఉన్న అంకెని ఆ లెక్కే పూర్తిగా నమ్మదు. ఇతను ఎవరో ఇంకా తెలియదు, పైకి వేగంగా కదిలే చోటు ఉంచుదాం అంటుంది. ఒక గణిత సూత్రానికి ఉన్న ఈపాటి వినయం రెండు నిమిషాలు చూసి "వీడింతే" అని తేల్చేసే మనకి లేకపోవడం ఏంటి?

చదరంగం అంటే మన కృష్ణా జిల్లా వాళ్లకి కోనేరు హంపి గుర్తుకొస్తుంది. పుట్టింది గుడివాడలో, 1987లో. తండ్రి కోనేరు అశోక్ గారే గురువు. 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది, మన దేశంలో ఆ హోదా అందుకున్న మొదటి మహిళ. 2019లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్, 2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో మళ్లీ అదే టైటిల్. ఆ న్యూయార్క్ టోర్నీలో మొదటి రౌండ్ ఓడిపోయింది. చివరికి 11 రౌండ్లలో 8.5 పాయింట్లతో గెలిచింది. మొదటి రౌండ్ అయ్యాక ఎవరైనా ఆ ఒక్క ఆట చూసి ఆమె గురించి మాట్లాడి ఉంటే ఎలా ఉండేది! ఆమె స్థాయి మనకి ముందే తెలుసు కాబట్టి ఎవరూ తొందరపడరు. అవనిగడ్డ పిల్లాడి స్థాయి తెలియదు కాబట్టి తొందరపడతాం. నిజానికి తెలియనప్పుడే కదా ఆగాల్సింది.

"మన ధర్మంలోనే అధికారి భేదం ఉంది కదండీ, అందరూ ఒకటి కాదు కదా" అనే తెలివైనవాళ్లూ ఉన్నారు. అధికారి భేదం ఎవరికి ఏం నేర్పాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని చెప్పడానికి. ఎవరిని వెక్కిరించాలో చెప్పడానికి కాదు. గీత ఐదో అధ్యాయంలో పండితుడి సమదృష్టి గురించి చెప్పేటప్పుడు విద్వాంసుడు, ఆవు, ఏనుగు, కుక్క అందరినీ ఒకే వరసలో చెప్పారు. ఏనుగు బలం కుక్కకి ఉందని అక్కడ అనలేదు. తేడాలు తేడాలుగానే ఉన్నాయి, చూపులో తేడా లేదు.

శల్యుడు కర్ణుడికి చెప్పిన హంస కాకి కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. సముద్రం ఒడ్డున ఒక ధనవంతుడి ఇంట్లో పిల్లల ఎంగిళ్లు తిని బలిసిన కాకి, నూటొక్క రకాలుగా ఎగరగలనని హంసల్ని పందేనికి పిలిచింది. నాకు ఒకే రకం వచ్చు అంది హంస. సముద్రం మీద కాసేపటికే కాకి రెక్కలు నీళ్లకి తగలడం మొదలైంది. ఈ నూటొక్కటిలో ఇది ఏ రకం అని హంస ఒక చురక అంటించింది. కాకి మునిగిపోతూ నా గర్వం తప్పే, కాపాడు అంది. హంస ఇంకో మాట మాట్లాడకుండా కాకిని వీపు మీదికి ఎత్తుకుని ఒడ్డుకి చేర్చింది.

శల్యుడు ఈ కథని కర్ణుణ్ణి కాకి అనడానికి వాడాడు. ఇప్పటి ఆటగాళ్లూ అంతవరకే వాడతారు, "నువ్వు కాకి, నేను హంస" అని. హంస అనిపించుకోవాలంటే వీపు మీద ఎత్తుకునే భాగం కూడా ఉందిగా! గేమింగ్ భాషలో దానికి మాట కూడా ఉంది, క్యారీ చేయడం అంటారు. అయితే ఒకణ్ణి క్యారీ చేశామని వారం రోజులు చెప్పుకు తిరుగుతారు, అది వేరే సంగతి.

దివిసీమ వెళ్లినవాళ్లు హంసలదీవి చూసే ఉంటారు. కోడూరు దాటాక, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటుకి దగ్గర్లో వేణుగోపాలస్వామి ఆలయం. అక్కడ చెప్పుకునే కథలో కాకి, హంస రెండు వేరు పక్షులు కావు. జనం పాపాలు అంటి నల్లబడిన గంగ, కాకి రూపంలో తీర్థాలన్నీ తిరిగి, ఈ సంగమంలో మునిగి తెల్లటి హంసగా లేచిందట. అందుకే ఆ ఊరికి ఆ పేరు. అవనిగడ్డ నుంచి అక్కడికి ఎంతో దూరం లేదు. మా వాణ్ణి ఈసారి తీసుకెళ్లి ఈ కథ చెప్పాలని ఉంది, వాడు ఫోన్ జేబులో పెడితే.

వచ్చే వారం శల్యపర్వం. పద్దెనిమిదో రోజు కౌరవ సేనాపతి శల్యుడే. ఆ రోజు అతన్ని చంపింది ఎవరో కాదు, కర్ణుడి తేజస్సు తగ్గించమని అతన్ని అడిగిన ధర్మరాజే. ఆ ఘట్టం వీడియోలో చూద్దాం. జై శ్రీకృష్ణ.